హోలోటైపు: ఆడది, ఒకటి

కాళ్ళు చాపితే టిఫిన్ ప్లేటు నిండుతుంది.
అలా రాయకూడదు.
ముందరి జత కాలు: అరవై ఎనిమిది మిల్లీమీటర్లు.
తొడ, మోకాలు, పిక్క, మడమ, పాదం
విడివిడిగా, దశాంశం తర్వాత రెండంకెలు.

హబ్సిగూడలో మూడో అంతస్తు.
కిటికీ కింద మెట్రో వెళ్ళినప్పుడల్లా
స్పిరిట్ మీద సన్నటి వలయాలు లేస్తాయి,
ఆమె ఒక కాలు కదుపుతుంది.
మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీసి
మళ్ళీ మొదటినుంచి కొలుస్తాను.

కళ్ళు ఎనిమిది, రెండు వరసలు.
ముందు వరస నడిమి జంట ఆవగింజలో సగం కూడా లేదు.
చీకట్లో తరాలు గడిచి
చూపు అక్కర్లేదని ఒళ్ళే తీర్మానించుకుంది.
ఈ వాక్యం కొట్టేశాను.
“నడిమి కళ్ళు క్షీణించినవి” చాలు.

రంగు: బతికుండగా తడిసిన ఇటుక,
స్పిరిట్లో వారం తర్వాత చల్లారిన టీ.
ఇటుక రంగుని పదకొండు నిమిషాలు చూశాను.

సేకరించినవారు: వల్లెపు మొగులయ్య.
రాళ్ళకు బెజ్జాలు వేసే పని.
మణికొండ వెనక పిట్టలబండ గుట్టలో
రెండు గుండ్ల మధ్య మనిషి పాకేంత నెర్రె,
లోపల గది, గబ్బిలాల పెంట, మేలోనూ చెమ్మ.
“మా తాత దీన్ని గుట్టముసలమ్మ అంటుండె మేడమ్.
గది ఉన్న రాయికి మందు పెట్టొద్దనెటోడు.
గిప్పుడు ఎవరింటరు?
కాంట్రాక్టరుకు జెప్తె నవ్విండు.”
ఊరగాయ సీసాలో తెచ్చాడు,
మూతకి మేకుతో కొట్టిన నాలుగు బొక్కలు,
గాలి ఆడాలని.

వల కట్టదు.
ఈ మాట దగ్గర కాసేపు ఆగాను.
మా ఇంటిపేరు చిటిమెల్ల. సాలెలం.
సిరిసిల్లలో మగ్గం అమ్మేసి నాన్న
బాలానగర్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు
బేరింగులకు గ్రీజు రాశాడు.
దీనికీ పోగు ఉంది. ఉన్నదంతా గుడ్ల సంచికే.
సంచి: చదును, తెలుపు, పదిరూపాయల బిళ్ళంత,
నాలుగు పొరలు, అంచు గట్టి.
నాన్న ఫోన్లో ఫోటో పెద్దది చేసి
“కండె మార్చకుంట నేసింది బిడ్డా” అన్నాడు.
అది పెట్టడానికి పేపర్లో చోటు దొరకలేదు.
గుడ్లు నూటపన్నెండు.
సంచిని పొట్ట కింద అదుముకునే స్పిరిట్లోకి దిగింది.
దిగలేదు. నేను దించాను.

దొరికిన చోటు అనే గడి మిగిలింది.
అక్షాంశం, రేఖాంశం సరిచూద్దామని శనివారం వెళ్ళాను.
నీలం రేకుల కంచె, లోపల మూడు సెల్లార్ల గొయ్యి,
అడుగున నీళ్ళు తోడే మోటారు.
“మీరు చేరుకున్నారు” అంది ఫోన్, ఏ అనుమానమూ లేకుండా.
బాణం గుర్తు చూపించిన చోట గాలి ఉంది.
గేటు దగ్గర టై కట్టుకున్న కుర్రాడు బ్రోషరు ఇచ్చాడు,
అట్ట మీద గుండ్ల బొమ్మ, అందంగా.

మగదాని వర్ణన: తెలియదు.
వ్యాప్తి: ఈ ఒక్క చోటే.
ఉంది అని రాయాలా, ఉండేది అని రాయాలా?
మా శాస్త్రంలో క్రియ లేకుండా తప్పించుకోవచ్చు.
తప్పించుకున్నాను.

ఇక పేరు.
మా సారు తన గురువుగారిది పెడదామన్నారు.
నేను మొగులయ్యకి ఫోన్ చేశాను.
“నా పేరెందుకు మేడమ్, పలగ్గొట్టినోణ్ని.
ముసలమ్మ పేరు ముసలమ్మకే ఉండనియ్.”
వెనక డ్రిల్లు మోగుతోంది. కోకాపేటలో పనట.
లాటిన్ తోక ఎక్కడ తగిలించాలా అని కాగితం మీద
ముసలమ్మని మూడు రకాలుగా రాస్తున్నాను.
డ్రిల్లు ఆగింది.
“ఇంకోటి అవుపడ్తె పట్కరావాల్నా, ఇడ్సిపెట్టాల్నా?”

ఎక్కడ విడిచిపెడతావని అడగాలి.
మగదైతే తీసుకురా, అన్నాను.